ముప్ఫైరెండు రోజుల నెల



నెలకు ఎన్ని రోజులని ఎవరైనా అడిగితే మీరు వెంటనే పిడికిలి బిగించి, వేళ్ళ కణుపులమీద లెక్కపెట్టి, "30, లేకపోతే 31, ఒక్క ఫిబ్రవరికి మాత్రం 28, లీపు సంవత్సరంలో 29" అని గడగడా చెప్పేస్తారు. భేష్! కాని మన దేశానికి ఉత్తరాన, హిమాలయాల ఒడిలో నేపాల్ అనే దేశం ఉన్నది గదా. అక్కడి పిల్లలకు ఈ కణుపుల లెక్క బొత్తిగా పనికిరాదు. వారి నెలల్లో కొన్నిటికి 29 రోజులు, కొన్నిటికి 30, కొన్నిటికి 31, కొన్నిటికి ఏకంగా 32 రోజులు! పైగా, నిరుడు 31 రోజులున్న నెలకు ఈ ఏడు 32 రావచ్చు.

ఇదేమి వింత? లెక్క తెలియని వారెవరో ఈ కేలండరు తయారుచేశారా? కానే కాదు. దీనికి కారణం ఆకాశంలో ఉన్నది. ముందు ఆ కారణమేమిటో తెలుసుకుని, తరువాత ఆ కేలండరు కాగితాలు ఒక్కొక్కటే తిప్పుదాం.

నేపాల్‌లో బడులూ, కచేరీలూ, పత్రికలూ అన్నీ విక్రమ సంవత్సరాన్ని పాటిస్తాయి. ఏప్రిల్ నడిమిలో వారికి కొత్త సంవత్సరం వస్తుంది. 2025 ఏప్రిల్ 14న వారికి 2082 మొదలయింది. ఏప్రిల్ నడుమ నుంచి డిసెంబరు చివరి దాకా మన ఇంగ్లీషు సంవత్సరానికి 57 కలిపితే వారి సంవత్సరం వస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ నడుమ దాకా అయితే 56 కలపాలి. నెలల పేర్లు వారి నోట ఇలా పలుకుతాయి: బైశాఖ్, జేఠ్, అసార్, సావున్, భదౌ, అసోజ్, కాత్తిక్, మంగ్సీర్, పుస్, మాఘ్, ఫాగున్, చైత్.

"మాస్టారూ, ఇవి మన వైశాఖ జ్యేష్ఠాలే గదా!" అంటారు మీరు. పేర్లు అవే, కొలత వేరు. మన తెలుగు నెలను కొలిచేవాడు చంద్రుడు. అమావాస్య మరునాడు మొదలై మళ్ళీ అమావాస్యకు ముగుస్తుంది. నేపాల్ నెలను కొలిచేవాడు సూర్యుడు. పూర్వులు ఆకాశంలో సూర్యుడు నడిచే దారిని 12 సమానమైన ముక్కలు చేసి, మేషం, వృషభం, మిథునం అని రాశుల పేర్లు పెట్టారు. సూర్యుడు మేషంలో అడుగుపెట్టగానే బైశాఖ్, వృషభంలోకి పోగానే జేఠ్. అందుచేత ప్రతి నెలా మొదటి రోజు వారికి ఒక సంక్రాంతే. ఏడాదికి 12 సంక్రాంతులన్నమాట! మన పంచాంగంలో కూడా ఆ 12 సంక్రమణాలూ రాసి ఉంటాయి. కాని మనం పెద్ద పండుగ చేసుకునేది మకర సంక్రాంతికే.

ముక్కలన్నీ సమానమైనప్పుడు నెలలన్నీ సమానంగా ఎందుకు లేవు? ఇక్కడే ఉన్నది రహస్యం. సూర్యుడు నడుస్తున్నట్టు మనకు కనిపిస్తున్నదేగాని, నిజానికి తిరిగేది మన భూమి. అది తిరిగే దారి సరియైన సున్నా కాదు, కొంచెం సాగిన సున్నా. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి దగ్గరగా, అంటే సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అప్పుడు సెకనుకు 30.3 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. జూలై మొదట్లో దూరంగా, సుమారు 15 కోట్ల 21 లక్షల కిలోమీటర్లలో ఉంటుంది. అప్పుడు వేగం సెకనుకు 29.3 కిలోమీటర్లు. ఒక్క కిలోమీటరే గదా తేడా అనుకోకండి. ఆ కొంచెం తేడావల్లనే సూర్యుడు మిథున రాశిని దాటటానికి 31 రోజులమీద మరి కొన్ని గంటలు పడుతుంది. ధనూరాశిని దాటటానికి 29 రోజులమీద కొన్ని గంటలు చాలు. అందుకే ఎండాకాలం చివర వచ్చే జేఠ్, అసార్, సావున్ నెలలు 31 లేక 32 రోజుల పొడుగు. చలికాలపు పుస్ పొట్టి నెల. ఆ మిగిలిన గంటలు ఏ రోజున పడతాయో చూసి, ఏ నెలకు ఎన్ని రోజులో ఏటేటా నిర్ణయించి చెప్పటానికి అక్కడ ప్రభుత్వం వారి పంచాంగ నిర్ణాయక సమితి ఉన్నది.

ఇంకొక చిక్కు ప్రశ్న కూడా మీరు అడగాలి: "జూలైలో సూర్యుడు దూరంగా ఉంటే అప్పుడు చలి వేయాలి గదా?" ఋతువులు రావటానికి కారణం దూరం కాదు, నాయనా. భూమి బొంగరంలాగా ఒక పక్కకు ఒరిగి తిరుగుతున్నది. మనమున్న ఉత్తరార్ధం సూర్యుడివైపు ఒరిగినప్పుడు వేసవి, అవతలికి ఒరిగినప్పుడు శీతకాలం.

సరే, నెలలు సూర్యుడివి. మరి పండుగలో? అవి చాలావరకు చంద్రుడివి! తిథినిబట్టి వస్తాయి. చంద్రుడి 12 నెలలకు 354 రోజులే కనుక, పండుగలు ఏటా సుమారు 11 రోజులు వెనక్కు జరుగుతాయి. రెండున్నర మూడేళ్ళకొకసారి అధిక మాసం వచ్చి వాటిని మళ్ళీ ముందుకు నెడుతుంది. విజయదశమి చూడండి: 2022లో అక్టోబరు 5, 2023లో అక్టోబరు 24, 2024లో అక్టోబరు 12, 2025లో అక్టోబరు 2. మధ్యలో 2023లో ఎందుకు ముందుకు దూకింది? ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది.

సూర్యుడు, చంద్రుడు అయినారు. మూడవవాడు వానదేవుడు. నేపాల్‌లో ఏడాదికి కురిసే వానలో 100కి 80 పాళ్ళు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే కురుస్తుంది. ఆ నేల కూడా చిత్రమైనది. దక్షిణాన తరాయి మైదానం సముద్రమట్టానికి 100 మీటర్ల లోపు ఎత్తులో మొదలవుతుంది. ఉత్తరాన ఎవరెస్టు శిఖరం 8,848.86 మీటర్లు. నడుమ దూరం 200 కిలోమీటర్లు కూడా ఉండదు. ఒక కిలోమీటరు ఎత్తుకు పోతే సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది కనుక, ఒకే రోజున కింద ఉక్కపోత, నడుమ కొండల్లో చల్లగాలి, పైన మంచు. అందరికీ గోడమీద ఒకే తేదీ!

ఇక కాగితాలు తిప్పుదాం.

బైశాఖ్. కొత్త సంవత్సరం, బడిలో కొత్త తరగతి. భక్తపూర్ పట్టణంలో భైరవుడి రథాన్ని జనం రెండు జట్లుగా చీలి అటూ ఇటూ తాళ్ళతో లాగుతారు. ఆకాశమంత స్తంభం నిలబెట్టి, మళ్ళీ పడగొడతారు. ఆ పండుగ పేరు బిస్కెట్ జాత్ర. మనం తినే బిస్కెట్టుకూ దీనికీ ఏమీ సంబంధం లేదు! ఈ నెలలోనే పున్నమినాడు బుద్ధుడు పుట్టిన లుంబినికి యాత్రికులు వస్తారు. అక్కడ అశోక చక్రవర్తి నిలిపిన రాతి స్తంభం నేటికీ ఉన్నది. తూర్పు కొండల కిరాతులకు అదే పున్నమి 'ఉభౌలి', అంటే ఎగువకు పోయే కాలం. ఎండలు ముదిరి పక్షులు చల్లని కొండలకు ఎగిరిపోతాయి. మళ్ళీ మంగ్సీర్ పున్నమినాడు 'ఉధౌలి': చలికి తాళలేక దిగువకు వచ్చే కాలం. చూశారా, పక్షుల రాకపోకలే వారికి గడియారం!

పాటన్ నగరంలో ఎర్రని మచ్ఛింద్రనాథుడి రథయాత్ర కూడా ఈ రోజుల్లోనే మొదలవుతుంది. ఆయన వానలిచ్చే దేవుడు. కాని ఒక బైశాఖ్ మాసం ఆ దేశం ఎన్నటికీ మరవలేనిది. విక్రమ సంవత్సరం 2072, బైశాఖ్ 12. అంటే 2015 ఏప్రిల్ 25. పగలు 11 గంటల 56 నిమిషాలకు 7.8 తీవ్రతతో భూమి కంపించింది. సుమారు 9,000 మంది చనిపోయారు. వేలకొద్దీ తరగతి గదులు కూలిపోయాయి. కాని ఆ గదుల్లో పిల్లలు లేరు! ఎందుకంటే ఆనాడు శనివారం. నేపాల్‌లో వారపు సెలవు శనివారం. మరొక రోజైతే అది బడి జరిగే వేళ. కేలండరులో ఒక గడి పక్కకు ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. బడికట్టడం గట్టిగా ఉన్నదా లేదా అని చూడవలసింది పెద్దలు. ఆ పని శనివారానికి వదిలిపెట్టకూడదు. ఆ ఏడు మచ్ఛింద్రనాథుడి రథం కూడా దారిలోనే నెలల తరబడి ఆగిపోయి, తరువాత ఎప్పటికో యాత్ర ముగిసింది.

అసార్. వాన వచ్చింది! కొండవాలులో మెట్లు మెట్లుగా మలచిన మడులు నీళ్ళతో అద్దాల్లాగా మెరుస్తాయి. అసార్ 15, అంటే సుమారు జూన్ 29, వారికి వరినాట్ల రోజు. దమ్ము చేసేవారు దమ్ము చేస్తూ ఉంటే, ఆడవారు పాటలు పాడుతూ నారు నాటుతారు. పిల్లలు ఒకరిమీద ఒకరు బురద చల్లుకుంటారు. ఆ రోజు ఎవరూ కోప్పడరు. గట్టుమీద కూర్చుని అందరూ తినేది ఏమిటో తెలుసా? పెరుగూ అటుకులూ! పొయ్యి వెలిగించే పని లేదు, కడుపు చల్లగా ఉంటుంది, వెంటనే మళ్ళీ మడిలో దిగవచ్చు. పండుగ పిండివంటల వెనక ఇటువంటి తెలివి ఎంతో ఉంటుంది. సావున్ 15నాడు పరమాన్నం. శ్రావణ పున్నమినాడు తొమ్మిది రకాల గింజలు మొలకెత్తించి కాచిన 'క్వాతి' అనే పులుసు. నాట్లలో అలసిన ఒంటికి అది మంచి బలం.

ఆ పున్నమి మరునాడు గాయీ జాత్ర. ఆ ఏడాదిలో ఎవరింట్లో చావు జరిగిందో ఆ ఇంటివారు ఒక ఆవునో, ఆవు వేషం వేసిన పిల్లవాడినో వీధిలో నడిపిస్తారు. పూర్వం ప్రతాపమల్లుడనే రాజు, కొడుకు పోయి కుమిలిపోతున్న రాణికి "చూడు, దుఃఖం మన ఇంటికి మాత్రమే వచ్చింది కాదు" అని చూపటానికి ఊరివారిని ఇలా రప్పించాడని చెప్పుకుంటారు. ఊరేగింపులో వేషాలూ, హాస్యాలూ కూడా ఉంటాయి. ఏడ్చినవారిని ఒంటరిగా వదిలిపెట్టని పండుగ అది.

అసోజ్. దసరాను వారు దసైఁ అంటారు. అన్నిటికన్నా పెద్ద పండుగ అదే. దూరాన ఉద్యోగాలకు పోయినవారు బస్సుల కప్పులు నిండేలా సొంత ఊళ్ళకు చేరుకుంటారు. మొదటి రోజున చీకటి గదిలో ఇసుకలో యవలు చల్లి మొలిపిస్తారు. పదో రోజుకు ఆ మొలకలు పసుపుపచ్చగా ఎదుగుతాయి. పచ్చగా ఎందుకు లేవు? వెలుతురు తగలకపోతే ఆకులో పత్రహరితం తయారుకాదు కనుక. పెద్దలు పిల్లల నుదుట బియ్యం, పెరుగు, ఎర్రని రంగు కలిపిన పెద్ద బొట్టు పెట్టి, ఆ మొలకలు తలలో తురిమి, ఆశీర్వదిస్తారు. వెదురు బొంగులతో ఊయలలు కడతారు. గాలిపటాలు ఎగరేస్తారు, "వానలు ఇక చాలు" అని ఇంద్రుడికి కబురు పంపటానికట! కాని 2024లో ఆ కబురు అందలేదు. దసైఁ ఇంకా వారం ఉన్నదనగా, సెప్టెంబరు చివరలో కుంభవృష్టి కురిసి, వరదలకూ కొండచరియలకూ 200 మందికి పైగా చనిపోయారు. వాన రావలసినప్పుడు రాకపోయినా కష్టమే. పోవలసినప్పుడు పోకపోయినా కష్టమే.

కాత్తిక్. దీపావళికి అక్కడ తిహార్ అని పేరు. ఐదు రోజుల్లో మొదటి రోజు కాకికి అన్నం. రెండో రోజు కుక్కకు పూజ! మెడలో బంతిపూల దండ, నుదుట బొట్టు, ముందు మంచి భోజనం. మూడో రోజు ఆవుకు, లక్ష్మికి. నాలుగో రోజు ఎద్దుకు. ఐదో రోజు అక్కచెల్లెళ్ళు అన్నదమ్ములకు బొట్టు పెట్టి, బొగడబంతి దండ వేస్తారు. ఆ పువ్వు కోసిన తరువాత కూడా చాలా రోజులు రంగు చెడదు. మన బంధం అలా ఉండాలని అర్థం. నాలుగో రోజే నేవారులకు నేపాల్ సంవత్సరాది. అది క్రీ.శ. 879లో మొదలైన వేరొక సంవత్సరం. తిహార్ అయిన నాలుగు రోజులకు తరాయి ప్రజలు నీటిలో నిలబడి, మునిగే సూర్యుడికి, మరునాడు ఉదయించే సూర్యుడికి అర్ఘ్యమిస్తారు. అది ఛఠ్.

మంగ్సీర్. వరి ఇంటికి వచ్చింది. నేవారుల ఇళ్ళలో కొత్త బియ్యపు పిండితో, లోపల పాకం బెల్లం, నువ్వులు పెట్టి మన కుడుముల వంటివి ఆవిరిమీద వండుతారు, పేరు యోమరి. సీతమ్మ పుట్టినిల్లుగా చెప్పుకునే జనకపురంలో ఈ నెలలోనే సీతారాముల పెళ్ళి వేడుక జరుగుతుంది. పుస్‌లో తరాయిమీద మంచు దుప్పటి కప్పుకుంటుంది. పగలు కూడా సూర్యుడు కనబడని రోజులుంటాయి.

చలిలో వారి దినచర్య ఎలా ఉంటుందో చెబుతాను. పొద్దున్నే వేడి టీ. తొమ్మిది, పది గంటలకే పప్పూ, అన్నం, కూర తిని బడికో కచేరీకో బయలుదేరతారు. సాయంత్రం చిరుతిండి. రాత్రి మళ్ళీ పప్పూ అన్నమే. మన గడియారం 10 గంటలు చూపితే వారిది 10-15 చూపుతుంది.

మాఘ్ 1. మన మకర సంక్రాంతి, వారి మాఘే సంక్రాంతి ఒక్కటే. సూర్యుడికి సరిహద్దులు లేవు గదా! మనం ఇక్కడ నువ్వులుండలు తినేనాడే వారూ నువ్వులుండలు, నెయ్యి, ఉడికించిన పెండలం తింటారు.

పిల్లలూ, ఇక్కడ కొంచెం ఆగుదాం. తరాయిలో థారూలనే ప్రజలున్నారు. మాఘ్ 1 వారికి సంవత్సరాది, మాఘి అంటారు. ఆటపాటల రోజు. ఆ రోజునే ఆ ఏడాదికి ఎవరు ఏ పని చేయాలో మాటలు జరిగేవి. అప్పులో మునిగిన పేదల్ని ఆసాములు వెట్టికి కట్టేసుకునేవారు. వారిని కమైయాలు అనేవారు. చాలా ఇళ్ళలో మీ ఈడు ఆడపిల్లల్ని కూడా ఆ పండుగనాడే పరాయి ఇళ్ళకు పనికి పంపేవారు. వారు కమ్లరీలు. ఊరంతా నాట్యమాడుతుంటే ఒక పాప మూట పట్టుకుని ఇల్లు విడిచి పోయేది.

2000 జూలై 17న ప్రభుత్వం కమైయాలకు విడుదల ప్రకటించి, వారి అప్పులు చెల్లవన్నది. కమ్లరీ పద్ధతిని 2013లో రద్దు చేసినట్టు ప్రకటించింది. ఊరికే వచ్చిన ప్రకటనలు కావవి. థారూలూ, ఆ ఆడపిల్లలూ స్వయంగా వీధుల్లోకి వచ్చి అడిగితే వచ్చాయి. చిన్నతనంలో కమ్లరీగా పనిచేసిన శాంతా చౌధరి 2008లో దేశపు రాజ్యాంగ సభలో సభ్యురాలైంది.

ఇప్పుడు చెప్పండి. మాఘ్ 1 ఎప్పుడు రావాలో నిర్ణయించేది సూర్యుడు. దానిని మనం ఒక్క గంట అయినా జరపలేం. కాని ఆ రోజు ఒక పాపకు పండుగ కావాలా, పరాయి ఇంటికి ప్రయాణం కావాలా అని నిర్ణయించింది మనుషులు. మనుషులు నిర్ణయించినది గనుకనే మనుషులు మార్చగలిగారు. కేలండరులో ఈ రెండు భాగాలూ వేరు చేసి చూడటం నేర్చుకోండి.

ఫాగున్‌లో శివరాత్రికి పశుపతినాథుడి గుడి కిటకిటలాడుతుంది. హోలీ కొండల్లో ఒక రోజు, తరాయిలో మరునాడు. చైత్‌లో గుర్రాల పండుగ. ఆపైన మళ్ళీ బైశాఖ్.

ఇక మీకు పని. ఇంట్లో పంచాంగం తీసి, 12 సంక్రమణాల తేదీలు ఒక కాగితంమీద వరుసగా రాయండి. ఒకదానికీ ఇంకొకదానికీ నడుమ ఎన్ని రోజులో లెక్కపెట్టండి. పొడుగైనది ఏది? పొట్టిది ఏది? నేను చెప్పిన దానితో సరిపోయిందేమో మీరే చూసుకోండి. మాస్టారు చెప్పాడని నమ్మవద్దు. రెండో పని: రెండు మూకుళ్ళలో ఇసుక పోసి గోధుమలు చల్లి, ఒకటి చీకట్లో, ఒకటి ఎండలో పెట్టి, పదో రోజున పక్కపక్కన ఉంచి చూడండి.

పెద్దలకు ఒక చిన్న మనవి. పిల్లలు పంచాంగం అడిగితే "నీకెందుకురా?" అనకండి. అందులో ఖగోళం ఉన్నది, గణితం ఉన్నది. వారి పక్కన కూర్చుని వేలుపెట్టి చూపించండి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు